కుర్రాళ్లతో కొత్త జట్టా, ఈ ఏడాదే కప్పా? పర్లాకిమిడి నుంచి నా జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఒడిశాలో గుణుపురం వైపు మీ క్లబ్బు ఫుట్‌బాల్ జట్టు వరసగా మొదటి రౌండులోనే ఓడి ఇంటికొచ్చేస్తోంది, ఆడేవాళ్లలో సగం మందికి ముప్పై దాటింది, ఈసారి ఒక కాంట్రాక్టరు గారు డబ్బు పెడతానని ముందుకొచ్చారు కానీ ఆయనకి దసరా తర్వాత జరిగే టోర్నమెంటులో కప్పు కావాలి. ఆ డబ్బుతో కలకత్తా నుంచో కటక్ నుంచో ఆటగాళ్లను దింపి ఇప్పుడే గెలవాలా, లేక మీ దగ్గరున్న పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలతో కొత్తగా మొదలుపెట్టాలా అన్నది మీ సందేహం.

పిల్లలతోనే మొదలుపెట్టు తమ్ముడూ. అయితే పదకొండు మందినీ పిల్లల్నే దింపొద్దు, ముగ్గురు నలుగురు పెద్దవాళ్లని మధ్యలో నిలబెట్టి వాళ్ల చుట్టూ పిల్లల్ని ఆడించు. నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లుగా ఒక జట్టు పనులు చూస్తున్నాను, మా దగ్గర తెలుగు వీధుల పిల్లలు, ఒడియా పిల్లలు, కొండమీది సవర గూడేల నుంచి దిగివచ్చే పిల్లలు కలిసే ఆడతారు, కాబట్టి మీ పరిస్థితి నాకు కొత్తేం కాదు.

బయటి ఆటగాళ్లని తెచ్చే దారి పని చెయ్యదని నేను చెప్పను. పని చేస్తుంది. ఒక ఏడాది మా కమిటీ అదే చేసింది, నేను వద్దని వాదించినా మెజారిటీ అటే ఉంది, మ్యాచ్‌కింత అని మాట్లాడి మనుషుల్ని తెచ్చారు, కప్పు నిజంగానే వచ్చింది, ఊరేగింపు కూడా జరిగింది. ఆ ఆనందం అబద్ధం కాదు, ఆ రాత్రి మా ఊళ్లో ముసలివాళ్లు కూడా బయటికొచ్చి నిలబడ్డారు. కానీ మరుసటి ఏడాదికి ఆ వచ్చినవాళ్లలో ఒక్కడూ లేడు, ఎక్కువ డబ్బిచ్చిన ఇంకో ఊరికి ఆడారు, మా మీదే ఆడారు. దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మా లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్) కుర్రాడి సంగతి. ఆ సీజనంతా బయట కూర్చోబెట్టారు, ఇక నాకు ఇక్కడ పనేముందని సూరత్ వెళ్లిపోయాడు. వాడు మళ్లీ బూట్లు వేసుకోలేదు. మాకున్న అసలైన లెఫ్ట్ ఫుట్ ఆటగాడు వాడొక్కడే.

పెద్ద జట్ల సంగతి చూసినా నాకు ఇదే కనిపిస్తుంది. మన తెలుగువాళ్లం దగ్గరగా చూసింది హైదరాబాద్ ఎఫ్‌సీని. 2019-20లో మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌లో అడుగున పడ్డారు, 18 మ్యాచుల్లో 10 పాయింట్లు. తర్వాత మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లని నమ్మి వరసగా ఆడించాడు, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి చాంపియన్లయ్యారు. ఇది విని అందరూ చూశారా కుర్రాళ్ల జట్టు అంటారు. ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచేకి అప్పటికి 37 ఏళ్లు. ఫైనల్లో పెనాల్టీలు ఆపి కప్పు చేతిలో పెట్టిన గోల్‌కీపర్ కట్టిమనికి 32. మరి ఆకాశ్ మిశ్రాకి? ఇరవై. ఆ ఇరవై ఏళ్లవాడు భయం లేకుండా ముందుకెళ్లి ఆడగలిగాడంటే వెనక అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే. తర్వాత జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో అదే క్లబ్బు 8 పాయింట్లతో మళ్లీ అట్టడుక్కి చేరింది. కట్టడానికి రెండేళ్లు, కూలడానికి రెండేళ్లు. పిల్లల్ని ఎంచుకోవడం ఒక్కటే సరిపోదు, నిలబెట్టుకోవడం కూడా రావాలని నేను మళ్లీ మళ్లీ అనేది అందుకే.

పూర్తిగా పిల్లలతోనే ఆడిస్తే ఏమవుతుందో కూడా మన దేశంలోనే చూశాం. ఇండియన్ యారోస్ అని భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్లే ఒక జట్టు నడిపారు, 2017 అండర్-17 ప్రపంచకప్ ఆడిన పిల్లల్లో ఎక్కువమందిని అందులో పెట్టి దేశస్థాయి లీగ్ ఐ-లీగ్‌లో పెద్దవాళ్ల మీద దింపారు. 2017-18లో చివరి స్థానం. అయినా అది వృథా అనను, ఆ జట్టు నుంచి అన్వర్ అలీ, సురేశ్ సింగ్, జీక్సన్ సింగ్, రహీం అలీ సీనియర్ ఇండియాకి ఆడారు, ఇందాక చెప్పిన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ ఇద్దరూ కూడా యారోస్ నుంచి వచ్చినవాళ్లే. కానీ యారోస్‌కి కింది డివిజన్‌కి పడిపోయే భయం లేదు, ఖర్చు ఫెడరేషన్‌ది. మీకు ఆ వెసులుబాటు లేదు. నాలుగు మ్యాచుల్లో అయిదేసి గోల్స్ తింటే చూడ్డానికి వచ్చే జనం రారు, ఆ పిల్లల తల్లిదండ్రులే చాల్లే చదువుకో అంటారు.

ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ ఉదాహరణ కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. 1995లో సీజన్ మొదటి మ్యాచ్ ఓడిపోతే, పిల్లలతో ఏమీ గెలవలేరని టీవీలో మాజీ ఆటగాడు అలన్ హాన్సెన్ అన్నాడు, ఆ ఏడాదే వాళ్లు లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ కొట్టారు. నిజమే, కానీ అనుభవమున్న పెద్దవాళ్లూ ఉన్నారు: గోల్‌లో ష్మైకెల్, స్టాపర్లుగా (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్లు) బ్రూస్, పాలిస్టర్, ముందు కంటోనా. ఎఫ్ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్ మీద పడ్డ ఒక్క గోలూ కంటోనాదే. బెక్హాం, స్కోల్స్, నెవిల్ అన్నదమ్ములు వాళ్ల నీడలో పెరిగారు.

మరోవైపు పేరున్న పెద్దవాళ్లని తెచ్చి గెలవాలనుకున్న కథ మన భువనేశ్వర్‌లోనే జరిగింది. 2023లో సూపర్ కప్ గెలిచాక ఒడిశా ఎఫ్‌సీ రాయ్ కృష్ణ, మూర్తదా ఫాల్, అహ్మద్ జాహూ లాంటివాళ్లని తెచ్చింది, లొబేరా కోచ్‌గా వచ్చాడు, కళింగ స్టేడియంలో ఆ సీజన్ మ్యాచులు చూసినవాళ్లు మర్చిపోరు, రెండు మ్యాచుల సెమీఫైనల్లో మొదటి లెగ్ మోహన్ బగాన్‌ని ఓడించి కూడా రెండో లెగ్‌లో కలకత్తాలో పోయింది. ఆ తర్వాతి సీజన్లో రాయ్ కృష్ణ మోకాలి గాయంతో దూరమయ్యాడు, జట్టు ఏడో స్థానంలో ఆగి ప్లేఆఫ్ దాకా కూడా రాలేదు. నేను ఆ జట్టుని తప్పు పట్టట్లేదు, ఇష్టపడి చూసినవాణ్ణి. ముప్పై అయిదు దాటిన కాళ్ల మీద ఎక్కువ బరువు పెడితే ఏ రోజు ఏమవుతుందో చెప్పలేం, అంతే.

ఇక మీ జట్టు విషయం. డబ్బు ఖర్చు పెట్టి ఎవరినైనా తేవాలనుకుంటే స్ట్రైకర్ని తేవద్దు. ఇది నేను గట్టిగా చెప్తాను. అందరూ ముందు స్ట్రైకర్నే తెస్తారు, గోల్ కొట్టేవాడు కనపడతాడు కదా. వాడొచ్చాక మిగతా పదిమందికీ ఒకటే పని, బంతి దొరగ్గానే పైకి వాడికి కొట్టడం. మీ పిల్లలు రెండు నెలలు అదే నేర్చుకుంటారు, వాడు వెళ్లిపోయాక అదీ పనికిరాదు. తేవలసింది గోల్‌కీపర్ని, స్టాపర్ని. ఈ రెండు చోట్ల తప్పు జరిగితే గోలే, పదిహేడేళ్లవాడు అక్కడ రెండు తప్పులు చేస్తే ఆ మ్యాచ్ అంతా వణుకుతూనే ఉంటాడు, ఆ టెన్షన్ పక్కవాళ్లకీ పాకుతుంది. వింగుల్లో (గ్రౌండు రెండు పక్కల్లో), ముందు లైన్లో పిల్లలు ఎన్ని తప్పులు చేసినా జట్టు బతుకుతుంది, అక్కడ వదిలెయ్యండి, పది ఛాన్సులు పోగొట్టుకుంటే గాని స్ట్రైకర్ తయారవ్వడు.

ఆ ఇద్దరినీ కూడా మ్యాచ్ లెక్కన మాట్లాడొద్దు. సీజన్ లెక్కన మాట్లాడండి, వారంలో రెండు సాయంత్రాలైనా పిల్లలతో ప్రాక్టీసులో ఉండాలని ముందే చెప్పండి. మీ దగ్గర్లోనే దొరుకుతారు, కలకత్తా దాకా అక్కర్లేదు. మా స్టాపర్ కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్, వయసు ముప్పై ఆరు, రాత్రి ఫాల్ట్ వస్తే స్తంభం ఎక్కి పొద్దున్నే గ్రౌండుకి వస్తాడు. పరుగులో పిల్లలకి సగం కూడా లేడు. కానీ మ్యాచ్ అయ్యేదాకా నోరు ఆగదు, ఎవడు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వదలాలో తెలుగులో ఒకడికి, ఒడియాలో ఇంకొకడికి, వచ్చీరాని సవరలో మరొకడికి చెప్తూనే ఉంటాడు. బయటి నుంచి తెచ్చిన ఏడాది మా వెనక లైన్లో ఈ మాటే లేదు, నలుగురూ నాలుగు దిక్కులు. మీ ముప్పై దాటినవాళ్లలో అలా మాట్లాడే మనిషి ఒకడుంటే వాణ్ణి మాత్రం తీసెయ్యకండి, వాడి పరుగు తగ్గిందని ఎవరేమన్నా సరే.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది. పిల్లలు వెళ్లిపోవడం. ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ కోచ్ వెంగర్ ఎంతో ఓపికగా పిల్లల్ని పెంచాడు, కొత్త స్టేడియం అప్పు మీద పడి 2011లో ఫాబ్రెగాస్, నస్రీ వెళ్లారు, 2012లో వాన్ పెర్సీ మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లి ఆ సీజన్లోనే వాళ్లకి లీగ్ గెలిపించాడు. 2005 నుంచి 2014 దాకా ఆర్సెనల్‌కి ఒక్క పెద్ద కప్పూ లేదు. మన పిల్లల్ని కొనుక్కోడానికి మాంచెస్టర్ రానక్కర్లేదు. గంజాం వాళ్లకి సూరత్ మగ్గాలు, మన వైపు వాళ్లకి విశాఖ, హైదరాబాద్, చెన్నై, కేరళ. పద్దెనిమిది నిండి ఇంట్లో చెల్లెలి పెళ్లో అప్పో ఉంటే రైలెక్కుతాడు, ఎవరూ తప్పనలేరు. మూడేళ్ల ప్లాన్ వేసుకుంటే మూడో ఏడాదికి సగం మంది ఉండరు. దీన్ని లెక్కలో పెట్టుకోకుండా పిల్లలతో జట్టు కడతాం అనడం ఉత్త మాట.

అందుకని కాంట్రాక్టరు గారి డబ్బులో పెద్ద భాగం ఇక్కడ పెట్టండి. కొండమీది పిల్లలకి బస్సు చార్జీలు, ప్రాక్టీసు అయ్యాక తినడానికి రెండు గుడ్లు, చోడి అంబలి, మంచి బూట్లు. ఒక బయటి స్ట్రైకర్ రెండు మూడు మ్యాచుల ఖర్చుతో పిల్లలందరికీ ఇది చాలా వరకు అయిపోతుంది, మేము చేసి చూశాం. ప్లస్ టూ పరీక్షలప్పుడు మ్యాచులు పెట్టొద్దు, పరీక్ష తప్పాడంటే ఇంట్లోవాళ్లు ఆటనే తిడతారు. ఇళ్లకి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి, స్పోర్ట్స్ కోటా అంటే ఏంటో, రైల్వేలో, పోలీసులో ఆ కోటాలో ఎలా తీసుకుంటారో, ఏ స్థాయి సర్టిఫికెట్ కావాలో కూర్చుని చెప్పండి. చాలామందికి ఊరి కప్పు గెలిచినా ఉద్యోగానికి పనికొస్తుందనుకునే భ్రమ ఉంటుంది, రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి పోటీల సర్టిఫికెట్లు వేరు. కాబట్టి మీ బాగా ఆడే ఇద్దరు ముగ్గురిని స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లకి మీరే తీసుకెళ్లండి. భువనేశ్వర్‌లో 2023 నవంబర్లో ఫిఫా, ఫెడరేషన్ కలిసి అకాడమీ పెట్టాయి, వెంగర్ గారే వచ్చి ప్రారంభించారు, అది ఇంకా చిన్న పిల్లలకి. అలా వెళ్లినవాడు మీ జట్టుకి పోయినట్టే, అయినా పంపండి. ఒకడు వెళ్లాడంటే కింద పదిమంది గ్రౌండుకొస్తారు, మా దగ్గర జరిగింది అదే.

ప్రాక్టీసు గురించి ఒక్క మాట. హైదరాబాద్ రహీం సాహెబ్ పేరు వినే ఉంటారు, 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీస్‌కి అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ తెచ్చి, 1962 జకార్తా ఏషియాడ్‌లో ఇండియాకి బంగారు పతకం తెచ్చిన కోచ్. ఆయన కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ చెయ్యకూడని టోర్నమెంట్లు, చేవ లేని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టేవాడు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మన పిల్లలకి బంతి దొరికితే చాలు నలుగురిని దాటాలని చూస్తారు, వారంలో ఒక రోజు ఇలా ఆడించి చూడండి, నెల తిరిగేసరికి పాస్ మారుతుంది.

ఇక కాంట్రాక్టరు గారు. ఆయన్ని దూరం చేసుకోవద్దు, అలాంటి మనిషి దొరకడమే కష్టం. కమిటీ అంతా కలిసి ఇంటికి వెళ్లి నిజం చెప్పండి: అయ్యా, ఈ ఏడాది కప్పుకి మాట ఇవ్వలేం, సెమీస్ దాకా వెళ్లే ప్రయత్నం చేస్తాం, మొదటి పదకొండులో కనీసం అయిదుగురు మన పిల్లలే ఉంటారు, రెండో ఏడాది కప్పు కోసం ఆడతాం. చాలామంది డబ్బు పెట్టేది ఊళ్లో నలుగురూ తమ పేరు చెప్పుకోవాలనే, అందులో తప్పేమీ లేదు. ఆయన నాన్నగారి పేరు మీద ఏటా అండర్-16 టోర్నమెంటు పెడదామని అడగండి. మా దగ్గర ఒక వ్యాపారి గారు ఇలాగే ఒప్పుకున్నారు, ఫైనల్ రోజున కుటుంబమంతా వచ్చి కూర్చుంటారు, ఆ టోర్నమెంటులో దొరికిన పిల్లలే ఇప్పుడు మా వింగుల్లో ఆడుతున్నారు. పెట్టేటప్పుడు పుట్టినతేదీ సర్టిఫికెట్లు మాత్రం గట్టిగా చూడండి, పంతొమ్మిదేళ్లవాణ్ణి పదహారని దింపితే అసలు పదహారేళ్లవాడి కాలు విరుగుతుంది.

దసరా దాకా టైముంది కదా, ముందు గోల్‌కీపర్ని వెతకండి. దొరక్కపోతే ఇక్కడే రాయండి, మా వైపు ఇద్దరు ముగ్గురున్నారు, అడిగి చెప్తాను.