హాలీ సిక్కా నోట్లు కొనే ముందు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొదటి జీతంతో నిజాం కాలపు హాలీ సిక్కా నోట్లు, అంటే అప్పటి హైదరాబాదు సంస్థానం సొంత డబ్బు, కొంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం, భయం రెండూ కలిసి రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కనిపించిన మొదటి నోటుకే డబ్బు తీయకు. కడిగి ఇస్త్రీ చేసిన నోట్లు కొత్తవాటిలా మెరుస్తాయి, మోసపోకు. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్‌వి వాడు.

ఇక అసలు సంగతి. టేపు అంటించకు. ఎంత చిరిగినా సరే, అంటించకు!

మీ తాతయ్య దగ్గర పది రూపాయల హాలీ నోటు ఒకటి ఉండేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా, రూపాయలు వచ్చే రోజుల్లో అది ఆయన తొలి సంపాదన. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు ఆగిపోయినా ఆయన దాన్ని మార్చుకోలేదు. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడంలోనూ విలువ రాసిన నోటు అది. మన అక్షరాలు చూపించి, "లండన్‌లో వాటర్లో అనే కంపెనీ వాళ్లు అచ్చువేసినా మన తెలుగు మరువలేదురా" అనేవారు.

మడత దగ్గర చిరుగుతోందని, ఆయన్ను సంతోషపెడదామని, పద్దెనిమిదేళ్ల వయసులో రెండు వైపులా టేపు వేశాను. కొన్నేళ్లకు జిగురు గోధుమ రంగుకు తిరిగి కాగితంలోకి ఇంకింది. కంగారులో టేపు పీకాను. దానితో పాటే తెలుగు వరుస సగం ఊడి వచ్చింది. నాన్న ఒక్క మాట అనలేదు. నోటును రేకు పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ మూత చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

1922లో ఈజిప్ట్ అనే ఓడ ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో మునిగింది. అందులో మన హైదరాబాదు నోట్లున్నాయి. పదేళ్ల తర్వాత గజ ఈతగాళ్లు బంగారంతో పాటు వాటినీ పైకి తెచ్చారు. సముద్రం అడుగున పదేళ్లు నిలిచిన కాగితం బుజ్జీ, నా చేతిలో నిలవలేదు. ఎవరైనా "ఓడ నోటు" అని రెట్టింపు ధర చెబితే మాత్రం నాకు చూపించకుండా కొనకు.

తిండి మానేసి నోట్లు కొనకు, నీ సంగతి నాకు తెలుసు. వచ్చే ఆదివారం భోజనానికి రా. ఆ పది రూపాయల నోటు నా బీరువాలో ఉంది, నీకిస్తాను. దాన్ని బాగుచేయాలని మాత్రం చూడకు.

నీ పెదనాన్న