రెండు మూడు గంటల్లో ముగిసే చిన్న పజిల్ ఆట మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

నిడివిని పక్కన పెట్టండి. చిక్కుముడి విడిన క్షణంలో ‘ఇది నా కళ్ల ముందే ఉందే!’ అనిపిస్తే అది మంచి ఆట. ‘ఇది ఎవరికి తడుతుంది?’ అని విసుగొస్తే తప్పు మీది కాదు, రూపకర్తది.

నేను చెప్పబోయే రెండు ఆటలూ అంత చిన్నవి కావు, కానీ కొలత అదే. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వీ టెయ్‌కారి 2019లో విడుదల చేసిన ‘బాబా ఈజ్ యూ’నే తీసుకోండి. అందులో నియమాలు కూడా తెర మీద దిమ్మెలుగా కనిపిస్తాయి. ‘వాల్’, ‘ఈజ్’, ‘స్టాప్’ అనే మూడు దిమ్మెలు ఒక వరుసలో ఉన్నంతసేపే గోడ మనల్ని ఆపుతుంది. వాటిలో ఒకదాన్ని పక్కకు నెట్టగానే అదే గోడలోంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఎవరూ పాఠం చెప్పరు, చెయ్యే నేర్చుకుంటుంది. నాకు ఇంతకంటే అందమైన బోధన తెలియదు.

ఊహించి నెట్టుకొచ్చే వీలుందా అన్నదీ చూడాలి. లూకాస్ పోప్ 2018లో తెచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’లో ఓడ మీది 60 మంది ఏమయ్యారో తేల్చాలి. ముగ్గురి వివరాలు సరిగ్గా కుదిరితేనే ఆట ఔనంటుంది, కాబట్టి గుడ్డిగా రాసి గట్టెక్కడం కష్టం. వేలాడే పడకల మీది అంకెలను సిబ్బంది జాబితాతో సరిపోల్చి పేరు పట్టుకున్నప్పటి ఆనందం మరువలేనిది.

బొమ్మలు, సంగీతం నాకు ఆ తర్వాతే. ఎక్కడైనా ఆగిపోతే వెంటనే జవాబు వెతకకుండా ఒక రాత్రి వదిలేయండి. చివరికి చూడక తప్పకపోతే, ఆ జవాబుకు ఆధారం ఆటలో ముందే కనిపించిందా అని వెనక్కి వెళ్లి వెతకండి.