వర్క్ సైకాలజీలో మాస్టర్స్‌కి వెళ్ళొచ్చా అని అడిగే మన గోదారి పిల్లలకి

ఈమధ్య భీమవరం, అమలాపురం, రాజోలు వైపు నుంచి వచ్చే మెసేజుల్లో ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోందండి. డిగ్రీలో సైకాలజీ చదివాం, కౌన్సెలింగ్ వైపు వెళ్ళాలని లేదు, వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ అని మాస్టర్స్ ఉందంట, కోడింగ్ అక్కర్లేదంట, హెచ్ఆర్ ఉద్యోగాలొస్తాయంట, మీరు నెదర్లాండ్స్‌లోనే ఉంటారు కదక్కా కాస్త చెప్పండి అని. వాళ్ళ అమ్మానాన్నలది ఇంకో బెంగ. సైకాలజీ అంటే పిచ్చాసుపత్రిలో ఉద్యోగమా అమ్మా, రేపు సంబంధాలవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అని. అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఏమీ అనుకోకండి.

ముందు పెద్దవాళ్ళకి. ఇది జబ్బులు నయం చేసే చదువు కాదండీ. పనిచేసే చోట మనుషుల గురించి. ఎవర్ని పనిలోకి తీసుకోవాలి, మంచి పనోళ్ళు ఎందుకు మానేస్తున్నారు, ఎందుకు అంతలా నీరసపడిపోతున్నారు, పనిలో ఏది మారిస్తే వాళ్ళకీ బాగుంటుంది యజమానికీ బాగుంటుంది, ఇవీ ఇందులో చదివేవి. అమెరికాలో దీన్నే ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీ అంటారు, ఇంగ్లండులో ఆక్యుపేషనల్ సైకాలజీ అంటారు, యూరప్‌లో వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ అంటారు. ఒక పేరుతోనే వెతికి కోర్సులు లేవు అంటున్నారు కొంతమంది, మూడు పేర్లతోనూ వెతకండి.

మనకి తెలీని సంగతులేం కావు ఇవి. ఊడ్పుల టైములో చూడండి, ఎకరానికి ఇంతని గుత్తకి మాట్లాడుకున్న జట్టు ఎండ ముదరకుండా మడి కానిచ్చేసి పక్క చేలోకి దిగిపోద్ది, అదే రోజు కూలికి పిలిస్తే సాయంత్రం దాకా సాగుద్ది, గట్టు మీద రైతేమో గుత్తకైతే పల్చగా నాటేస్తున్నారు, కూలికైతే కబుర్లు చెప్పుకుంటున్నారు అని రెండిటికీ గొణుగుతాడు. డబ్బు దేనికి కడితే మనిషి దృష్టి దానిమీద ఉంటుంది, మరి నాణ్యత సంగతేంటి అన్నది ఈ సబ్జెక్టులో పెద్ద చర్చ. రైస్ మిల్లు ముఠాల సంగతీ అంతే. బస్తాకింతని వచ్చిన డబ్బు వాళ్ళలో వాళ్ళే పంచుకుంటారు, ఎవడు మోయాలి ఎవడు నెట్టు కట్టాలి అన్నది వాళ్ళే తేల్చుకుంటారు, ఓనరు వేలు పెట్టడు. ఇంగ్లండు బొగ్గు గనుల్లో ఇలా సొంతంగా నడుచుకునే చిన్న జట్లుండేవి, కొత్త యంత్రాలు పెట్టి ఆ జట్లని విడగొట్టేసరికి పని పెరగడం మాట అటుంచి నాగాలు, కుమ్ములాటలు పెరిగాయి అని ట్రిస్ట్, బామ్‌ఫర్త్ అనే ఇద్దరు 1951లో రాశారు. వాళ్ళు పనిచేసిన టావిస్టాక్ అనే లండన్ పరిశోధన సంస్థ నుంచే రైస్ అనే ఆయన 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లుకొచ్చి నేతపనిని చిన్న జట్లకి అప్పజెప్పి చూశాడు, ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. యూరప్‌లో ఇప్పటికీ క్లాసులో చెబుతారు ఇది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే మీరు పంపే ఎస్ఓపీలు, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో పాటు రాసే వ్యాసాలు, చదివితే నాకు ఏడుపొస్తోంది. అందరూ ఒకటే రాస్తారు, చిన్నప్పట్నుంచీ మనుషులంటే ఆసక్తి అని. అవి చదివే ప్రొఫెసర్‌కి అలాంటివి కుప్పలుగా వస్తాయి. మీ నాన్నగారి రొయ్యల చెరువు మీద కాపలా ఉండే మనిషి రాత్రుళ్ళు ఎలా పడుకుంటాడు, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోద్దేమో అన్న భయంతో ఆ నిద్ర ఎలాంటిది అని నాలుగు లైన్లు రాయండి, ఆగి చదువుతారు. మన నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు 1982లో ఏకంగా పుస్తకమే వేసింది. ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటున్నార్లే అని ఊరంతా తీసిపారేసిన పని నిజానికి ప్రపంచ మార్కెట్టుకి చేస్తున్న పని అని ఆవిడ చూపించింది. ఎక్కడో జర్మనీ నుంచి వచ్చి ఆవిడ చూసింది, మనం పక్కింట్లో ఉండి చూడకపోతే ఎలా.

ఇప్పుడు అసలు సంగతి. కోడింగ్ అక్కర్లేదు అన్న మాట నమ్మి రావద్దు. ఈ కోర్సు సగం స్టాటిస్టిక్స్. రిగ్రెషన్, ఫ్యాక్టర్ ఎనాలిసిస్, మీడియేషన్, మోడరేషన్, ఒక టీములో ఉన్నవాళ్ళ జవాబులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి మల్టీలెవల్ మోడల్స్, ఈ లెక్కల పద్ధతులన్నీ ఎస్పీఎస్ఎస్ అనో ఆర్ అనో ఉండే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మీరే చెయ్యాలి. యూరప్ యూనివర్సిటీలు మీ మార్కుల శాతం కంటే ముందు చూసేది డిగ్రీలో రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ ఎన్ని క్రెడిట్లు చేశారు అన్నదే. మన దగ్గర ట్రిపుల్ మేజర్, అంటే మూడు మెయిన్ సబ్జెక్టులతో డిగ్రీ చేసినవాళ్ళకి సైకాలజీ మూడో వంతే ఉంటుంది, అక్కడే చాలా అప్లికేషన్లు ఆగిపోతున్నాయి. సిలబస్ కాపీలు యూనివర్సిటీ సంతకంతో ముందే తీయించి పెట్టుకోండి, ఆ కాగితం కోసం తర్వాత తిరగడం మామూలు తిరగడం కాదు.

బీటెక్, బీకాం వాళ్ళకి సూటిగా చెప్పేస్తా, సైకాలజీ డిగ్రీ లేకుండా యూరప్‌లో ఈ మాస్టర్స్ దాదాపు కుదరదు. ఇంగ్లండులో కన్వర్షన్ కోర్సు అని ఒకటుంది, అది చేసి మళ్ళీ మాస్టర్స్, అంటే రెండు ఫీజులు. కన్సల్టెన్సీ వాళ్ళు ఇక్కడే ఒక తిరకాసు పెడతారు. హెచ్ఆర్ మేనేజ్‌మెంట్‌లో సీటిప్పించి రెండూ ఒకటేనండీ అంటారు, ఎంచేతంటే కమీషన్ ఆ కాలేజీ ఇస్తుంది కాబట్టి. రెండూ ఒకటి కాదు. హెచ్ఆర్ చదివి హెచ్ఆర్ చెయ్యాలనుంటే హాయిగా చెయ్యండి, తప్పేం లేదు, సైకాలజిస్టు అన్న పేరు మాత్రం దాంతో రాదు.

దేశం సంగతి. నాకు బాగా తెలిసింది నెదర్లాండ్సే కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతా. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో మన పాలకొల్లొచ్చి బట్టల వ్యాపారం చేసుకున్నారు, ఇప్పుడు మన వంతు. మాస్ట్రిక్ట్, గ్రోనింగెన్, ఆమ్‌స్టర్‌డామ్, టిల్‌బర్గ్‌లలో ఈ చదువు ఇంగ్లీషులోనే ఉంది, ఎక్కువగా ఒక్క ఏడాది, 60 క్రెడిట్లు. ఈ దేశంలో ఈ చదువుకి ఇంత గిరాకీ ఎందుకంటే ఇక్కడ ఉద్యోగి జబ్బుపడితే యజమాని రెండేళ్ళ దాకా జీతంలో కనీసం 70 శాతం కట్టాలి. పైగా 2002 నుంచి ఇంకో చట్టం ఉంది, ఆ మనిషిని మళ్ళీ పనిలోకి తెచ్చే ప్లాను యజమానీ ఉద్యోగీ కలిసి వేసుకుని రాసిపెట్టుకోవాలి. బర్నౌట్‌తో, అంటే పని ఒత్తిడికి పూర్తిగా అలిసిపోయి, ఒకడు ఇంట్లో కూర్చుంటే కంపెనీకి ఎంత చేతి చమురో లెక్కేసుకోండి. కాబట్టి అలా కూర్చోకముందే ఎందుకు అలా అవుతోందో చూడడానికి మనుషులు కావాలి. డెమెరూటి, బక్కర్, వాళ్ళ తోటివాళ్ళు 2001లో పెట్టిన జాబ్ డిమాండ్స్ రిసోర్సెస్ మోడల్, అంటే పని వేసే భారమెంత, దాన్ని మొయ్యడానికి పనిలో దొరికే ఆసరా ఎంత అని చూసే పద్ధతి, మీకు మొదటి వారంలోనే ఎదురవుద్ది, ఆ బక్కర్, దీంట్లో ఇంకో పెద్దాయన షౌఫెలీ, ఇద్దరూ ఇక్కడివాళ్ళే.

మరి ఉద్యోగం? ఇక్కడే నేను గట్టిగా చెప్పేది. ఆ జబ్బుపడ్డ మనిషి మాట్లాడేది డచ్. వాడి మేనేజరు మాట్లాడేది డచ్. చదువు ఇంగ్లీషులో అయిపోద్ది గానీ మనుషులతో కూర్చునే ఉద్యోగం డచ్ లేకుండా దొరకడం చాలా కష్టం. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఇంగ్లీషుతో నెట్టుకొస్తున్నారు కదా అని వాళ్ళని చూసి లెక్క వేసుకోకండి, వాళ్ళ పని వేరు. ఇంగ్లీషుతో సరిపోయేవి కూడా ఉన్నాయి, పీపుల్ అనలిటిక్స్ అనే ఉద్యోగుల డేటా చూసే పని, ఉద్యోగులకి పెట్టే పరీక్షలు తయారుచేసే కంపెనీలు, పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు, కానీ వాటిల్లోకి పోవాలంటే ఇందాక చెప్పిన స్టాటిస్టిక్స్ బాగా రావాలి. అంటే డచ్చైనా రావాలి, డేటా అయినా రావాలి. రెండూ వద్దు, నాకు మనుషులంటే ఇష్టం అంతే అనేవాళ్ళు ఇరవై వేల యూరోల చుట్టుపక్కల ఫీజు కట్టి రావద్దనే నా సలహా. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి ఏడాది పర్మిట్ ఇస్తారు, చదువైన మూడేళ్ళలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఆ ఏడాది ఎక్కడైనా పనిచెయ్యొచ్చు. చదువుకునేటప్పుడు మాత్రం వారానికి 16 గంటలే, లేదంటే జూన్ నుంచి ఆగస్టు దాకా ఫుల్‌టైం, అదీ యజమాని మీకోసం పర్మిట్ తీసుకుంటేనే, కాబట్టి పార్ట్‌టైం చేసి ఫీజు కట్టేస్తా అన్న లెక్క ఇక్కడ పారదు.

అమెరికాలో రెండేళ్ళు, భాష గొడవ లేదు. 2022లో ఈ సబ్జెక్టుని స్టెమ్ అనే సైన్సు, టెక్నాలజీ సబ్జెక్టుల లిస్టులో చేర్చారు కాబట్టి చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది మీద ఇంకో 24 నెలలు వస్తుంది, కాకపోతే మీ కాలేజీ వీసా కోసం ఇచ్చే ఐ20 కాగితం మీద ఏ కోడ్ వేస్తుందో ముందే అడగండి, జనరల్ సైకాలజీ కోడ్ వేస్తే అది రాదు. ఇంగ్లండులో బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపున్న కోర్సు అయితేనే తర్వాత ఆక్యుపేషనల్ సైకాలజిస్టు అన్న టైటిల్‌కి దారి ఉంటుంది, ఆ టైటిల్ ఎవరు పడితే వాళ్ళు పెట్టుకోకూడదు అక్కడ. చదువయ్యాక ఉండే వీసా రెండేళ్ళుండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి 18 నెలలే. జర్మనీలో ఫీజు తక్కువే గానీ సైకాలజీ మాస్టర్స్ ఎక్కువ భాగం జర్మన్‌లోనే. ఇంకో కోర్సుంది, స్పెయిన్‌లోని వలెన్సియా, బార్సిలోనా, ఇటలీలోని బొలోన్యా, పోర్చుగల్‌లోని కోయింబ్రా యూనివర్సిటీలు కలిసి నడిపేది, రెండేళ్ళు, 120 క్రెడిట్లు, రెండు దేశాల్లో చదవచ్చు. యూరోసై అనే యూరప్ సైకాలజిస్టు సర్టిఫికెట్ కావాలంటే ఐదేళ్ళ చదువు, ఆపైన ఒక ఏడాది పర్యవేక్షణలో పని చూపించాలి. మన మూడేళ్ళ డిగ్రీకి ఏడాది మాస్టర్స్ కలిపితే నాలుగే అవుతాయి, అందుకని అది కావాలనుకునేవాళ్ళు రెండేళ్ళ కోర్సులే చూసుకోండి.

థీసిస్‌కి డేటా మన ఊళ్ళో తెచ్చుకుంటాం అనేవాళ్ళకి ఒక సంగతి. మన వైపు అమ్మాయే ఒకామె రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే ఆడవాళ్ళ మీద చేద్దామని సెలవులకి వెళ్ళింది. తెలిసినవాళ్ళ ప్లాంటు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడి తలలు తీసే పని, కిలోకింత అని డబ్బు. మేనేజరు ఎంతో మర్యాదగా, మీకెందుకు శ్రమమ్మా నేనే రాయించి ఇస్తా అని ఫారాలు తీసుకున్నాడు. మర్నాడు కట్టకి కట్ట తిరిగొచ్చింది. ప్రతి ప్రశ్నకీ ఐదుకి ఐదు, టిక్కులన్నీ ఒకే నీలం పెన్నుతో, ఒకే వంపుతో. ఈ అమ్మాయి గైడు స్క్రీన్ మీద అది చూసి నవ్వలేదు, ఇది డేటా కాదు, పైగా వాళ్ళు ఇష్టపడి ఇచ్చినట్టు రుజువేది అన్నాడు. మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి మళ్ళీ రాసి, ప్లాను మార్చుకుని, గేటు బయట, షేర్ ఆటో కోసం ఆగేచోట ఒక్కొక్కరినీ అడిగి, ఇష్టమున్నవాళ్ళతోనే వాళ్ళ ఇళ్ళ దగ్గర మాట్లాడింది. అప్పుడు చెప్పారంట వాళ్ళు, చలి కాదమ్మా, అలవాటే, బాత్రూంకెళ్తే ఎంతసేపు అయ్యిందో అందరి ముందూ అరిచి చెబుతారు, అదే కష్టం అని. ఆమె ఫారంలో అసలు ఆ ప్రశ్నే లేదు. థీసిస్ ఆ మాట మీదే నడిచింది. మీకు తెలిసిన ఓనరు ఉన్నాడంటే అది వీలు ఎంతో చిక్కు కూడా అంతే, అప్లికేషన్లో ఆ చుట్టరికం దాచకండి.

క్లాసు సంగతి రెండు ముక్కల్లో. ప్రొఫెసర్ని పేరు పెట్టే పిలవాలి, సార్ సార్ అంటే ఇబ్బంది పడతారు. తప్పు అనిపిస్తే మొహం మీద చెప్పేస్తారు, మనకి గుచ్చుకుంటుంది, పగ మాత్రం ఉండదు, గంట తర్వాత వాళ్ళే కాఫీకి పిలుస్తారు. గ్రూపు పనిలో నోరు తెరవకుండా మొత్తం రాసిచ్చేసే మనవాళ్ళకి మార్కులు తగ్గుతాయి, మాట్లాడండి, తప్పైనా పర్లేదు.

ఇక రూము. సీటు వచ్చిన రోజే యూనివర్సిటీ హౌసింగ్‌కి అప్లై చేసెయ్యండి, వీసా యూనివర్సిటీయే నడిపిస్తుంది గానీ రూము మాత్రం మీ తిప్పలే, చూడకుండా అడ్వాన్సు పంపమనేవాడికి పైసా పంపకండి. సెప్టెంబరు దాకా మీకు ఖాళీ ఉంటుంది కదా, ఆ నెలల్లో ఆర్ ఇన్‌స్టాల్ చేసుకుని రిగ్రెషన్ ఒకసారి చేతులారా చేసి రండి, డచ్ అంకెలు, వారాల పేర్లు, పలకరింపులు నేర్చుకోండి. ఆవకాయ ఎంత తేవాలి అని కూడా అడుగుతున్నారు కొందరు, చెకిన్ బ్యాగులో మూత గట్టిగా బిగించి ఎంత పడితే అంత తెచ్చుకోండి, నాక్కూడా ఒక సీసా.