నెలగా తగ్గని సాయంత్రపు జ్వరం గేదెల వల్ల కావచ్చా?

కావచ్చండీ. మీ నాన్నగారికి నెల నుంచి సాయంత్రమయ్యేసరికి జ్వరం, నడుం నొప్పి, టైఫాయిడ్, మలేరియా పరీక్షల్లో ఏమీ లేదు, ఇంట్లో రెండు గేదెలున్నాయి అని రాశారు కదా, చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది.

మాది పల్నాడు. మా గేదె ఎనిమిదో నెల చూడిలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. మాయ పడకపోతే నాన్న ఎప్పటిలాగే వట్టి చేతుల్తో లాగి తీశారు. అంతకు రెండు రోజుల ముందే గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి బొటనవేలు తెగింది, దానికి చుట్టిన గుడ్డ పీలిక ఆ పనిలో ఎక్కడో ఊడిపోయింది. మూడు వారాలకి జ్వరం మొదలైంది. పగలంతా బాగానే తిరిగేవారు, చీకటి పడితే వణుకు, తెల్లవారుజామున బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. అమ్మ రాత్రికి రెండుసార్లు దిండు గలీబు మార్చేది. టైఫాయిడ్ మందులు వాడితే నాలుగు రోజులు తగ్గడం, మళ్లీ రావడం. గేదె సంగతి డాక్టర్లు అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. చివరికి ఇంకో పని మీద వచ్చిన పశువుల డాక్టరు గారు నాన్నని చూసి, పశువుల నుంచి మనుషులకి అంటే బ్రూసెల్లా అనే బాక్టీరియాకి పరీక్ష చేయించమన్నారు. పాజిటివ్ వచ్చింది.

ఈ బాక్టీరియా మాయలో, ఉమ్మనీటిలో, పాలల్లో ఉంటుంది. చేతి మీద చిన్న గాటు చాలు దానికి. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు ఇచ్చారు. రిఫాంపిసిన్ వేసుకున్న మొదటి రోజే మూత్రం ఎర్రగా వచ్చేసరికి నాన్న హడలిపోయి మందు మానేస్తానన్నారు, అది ఆ మందు రంగేనని డాక్టరు చేత ఫోన్లో చెప్పించాకగానీ ఒప్పుకోలేదు. పది రోజులకే జ్వరం పోతుంది, అక్కడ ఆపేస్తే మాత్రం తిరగబెడుతుంది, కోర్సు మొత్తం వాడాల్సిందే.

పాల గురించి కూడా అడిగారు. పొంగు వచ్చేదాకా మరిగించిన పాలతో భయం లేదు. పొదుగు దగ్గర పట్టుకుని తాగే గుమ్మపాలు మాత్రం పిల్లలకి ఇవ్వకండి. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులకి ఇదే జ్వరం వచ్చేది, దాని క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు పట్టుకున్నాడు, అది మేకల పచ్చిపాల నుంచి వస్తోందని తేలడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది.

మా గేదెకీ రక్తపరీక్షలో పాజిటివే. అమ్మితే ఇంకో ఇంటికి అంటించినట్టేనని నాన్న అమ్మలేదు, దూరంగా వేరే పాకలో కట్టేశాం. మీ ఇంట్లో పెయ్యదూడలుంటే నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేయించండి, ప్రభుత్వమే వేయిస్తోంది.

ఈ మధ్య మీ గేదెల్లో ఏదైనా ఈసుకుపోయిందా? మీ నాన్నగారు చెయ్యి పెట్టారా? అయితే రేపు డాక్టరు దగ్గర జ్వరం కంటే ముందు ఆ మాట చెప్పండి.