ముంబై వెళ్లేముందు స్క్రిప్టు ఏం చేయాలి?

ప్రశ్న: వయసు 27, విశాఖలో అకౌంటెంట్‌ని. హిందీ సినిమాలకు రాయాలని వచ్చే నెల ముంబై వెళ్తున్నాను. ఒక పూర్తి స్క్రిప్టు, ఆరు నెలల ఖర్చులకు డబ్బు ఉన్నాయి. కథ ఎవరైనా కొట్టేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, మన చట్టంలో ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని నువ్వు రాసిన తీరుకే ఉంటుంది, అందుకే నోటితో కథ చెప్పి రావడం కంటే సీన్లతో సహా కాగితం మీద పెట్టడం ముఖ్యం. స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే స్క్రిప్టుని ఆన్‌లైన్‌లోనే రిజిస్టర్ చేసుకోవచ్చు, రైలెక్కే ముందే ఆ పని ముగించు. ఎవరికి ఏ రోజు ఏ వెర్షన్ పంపావో నోటుబుక్కులో రాసుకో.

నాకైతే నీ డబ్బు సంగతే ఎక్కువ బెంగగా ఉంది. అంధేరీ, వర్సోవా వైపు ఫ్లాట్ తీసుకుంటే అడ్వాన్సు, బ్రోకర్ కమీషన్ ముందే కట్టాలి, అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకి రాస్తారు, నీ ఆరు నెలల డబ్బు అక్కడే కరిగిపోతుంది. మొదట పేయింగ్ గెస్ట్‌గా చేరు. ఇంటి నుంచే చేయగలిగే జీఎస్టీ రిటర్నుల పని కొంతైనా వదలకు.

ఇంకోటి, డైలాగులు పైకి చదివి, ఇంట్లో హిందీ మాట్లాడేవాళ్లకి వినిపించు. "టిఫిన్ చేశావా" మనకి పలకరింపు, అక్కడ టిఫిన్ అంటే క్యారేజీ.