గట్టు లేని సముద్రానికి కాపలా ఎవరు?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర ఊరు, నాన్నకి మరబోటు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపేస్తారు, సరే. ఇప్పుడు ఏ దేశానికీ చెందని సముద్రంలో కూడా రక్షిత ప్రాంతాలు పెడతారని టీవీలో విన్నాను. ఎవరిదీ కాని నీళ్ళలో గీత గీసే హక్కు ఎవరికుంది? మా బోట్లు కూడా ఆపేస్తారా?

జవాబు: మీ టెన్షన్ ముందు తీర్చేస్తాను. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 370 కిలోమీటర్ల వరకు చేపల మీద హక్కు మన దేశానిదే. మీరు టీవీలో విన్న కొత్త ఒప్పందం (ఐక్యరాజ్యసమితిలో కుదిరిన ‘హై సీస్ ట్రీటీ’) ఆ గీత దాటాక మొదలవుతుంది, కాబట్టి నాన్నగారు ఆ లోపల వేసుకునే వలతో దానికి పని లేదు. మీకు తెలిసిన 61 రోజుల నిషేధం మన ప్రభుత్వాలు పెట్టుకున్నది, అది వేరే లెక్క.

ఆ గీత అవతల ఉన్నది చిన్న నీటి ముక్కేమీ కాదు. ప్రపంచ సముద్రాల్లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ, అంటే దాదాపు సగం భూగోళం. 1982 నాటి అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం అక్కడ ఎవరైనా వేటాడుకోవచ్చు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు! చేపలకు ఒక సంఘం, ఓడలకు లండన్‌లో ఒక సంస్థ, సముద్రం అడుగున ఖనిజాలకు జమైకాలో ఇంకొకటి... ఎవరి పుస్తకం వాళ్ళదే తప్ప, మొత్తం నీళ్ళనీ అందులోని జీవాలనీ కలిపి చూసే దిక్కు మొన్నటిదాకా లేదు.

అయినా గీత గీసిన చోట్లు ఉన్నాయి. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్ర జీవుల కోసం 1982 నుంచి నడుస్తున్న ఒక కమిషన్ ఉంది, మన దేశానికీ అందులో సభ్యత్వం ఉంది. వాళ్ళు 2009లో సౌత్ ఆర్క్నీ దీవుల దగ్గర 94,000 చదరపు కిలోమీటర్లకు రక్షణ ప్రకటించారు. అసలు పెద్దది రాస్ సముద్రం. అమెరికా, న్యూజిలాండ్ కలిసి ప్రతిపాదన పెట్టాయి, ఏడాదికేడాది సమావేశమై తేలకుండానే లేచిపోయారు. ఆ కమిషన్‌లో నిర్ణయానికి ఏకాభిప్రాయం కావాలి మరి, ఒక్క దేశం తల అడ్డంగా ఊపినా మళ్ళీ మొదటికే. చివరికి రష్యా కూడా ఒప్పుకున్నాక 2016 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో తేలింది, 2017 డిసెంబరు 1 నుంచి అమలు. 15.5 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులో 11.2 లక్షల్లో వ్యాపార వేట పూర్తిగా బంద్. మిగతా చోట్ల షరతులతో కొంత వేట సాగుతుంది. ఇదంతా పెంగ్విన్ల మీద ప్రేమ ఒక్కటే అనుకోకండి. అక్కడ టూత్‌ఫిష్ అనే చేప ఉంది, నెమ్మదిగా పెరుగుతుంది, దశాబ్దాలు బతుకుతుంది, పెద్ద హోటళ్ళలో చిలియన్ సీ బాస్ అనే పేరుతో చాలా ఖరీదుకు అమ్ముడవుతుంది. బేరమంతా దాని చుట్టూనే తిరిగింది. పైగా ఈ రక్షణ శాశ్వతం కాదు, 35 ఏళ్ళకే. అక్కడే ఇంకో మూడు ప్రాంతాలకు ప్రతిపాదనలు ఉంటే చైనా, రష్యాలు ఏళ్ళుగా ఆపుతున్నాయి.

ప్రశ్న: కొత్త ఒప్పందంలో కూడా ఒక్క దేశం అడ్డు పడితే ఆగిపోతుందా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆగదు. నా దృష్టిలో ఈ ఒప్పందంలో అసలు సరుకు అదే, మిగతా పేజీలు ఎవరైనా రాయగలరు. 2023 జూన్‌లో ఆమోదం పొందింది, 60 దేశాలు చట్టబద్ధంగా ధ్రువీకరించాక 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. రక్షిత ప్రాంతం మీద ముందు అందరినీ ఒప్పించడానికి ప్రయత్నిస్తారు, కుదరకపోతే హాజరై ఓటేసిన దేశాల్లో నాలుగింట మూడు వంతులు ఒప్పుకుంటే చాలు. నచ్చని దేశం 120 రోజుల్లో అభ్యంతరం రాసి పక్కకు తప్పుకోవచ్చు, కాకపోతే ఇష్టం లేదంటే సరిపోదు, ఒప్పందంలో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి చూపాలి. అసలు చేరని దేశాన్ని మాత్రం ఇది కట్టడి చేయలేదు. రష్యా సంతకమే పెట్టలేదు.

ప్రశ్న: సరే, గీత గీశారు. నడి సముద్రంలో కాపలా ఎవరు?

జవాబు: ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే ఆ దేశమే. నవ్వొస్తోందా? నాకూ వచ్చింది. యజమాని ఒక దేశంలో, జెండా ఇంకో దేశానిది, చేప దించేది మూడో దేశపు రేవులో. ఉపగ్రహాలతో ఓడల కదలికలు చూడొచ్చు, కానీ వేటకు వెళ్ళిన ఓడ తన ట్రాన్స్‌పాండర్ (తానెక్కడుందో సంకేతాలు పంపే పరికరం) ఆపేస్తే ఎక్కడుందో కనిపెట్టడం కష్టమవుతుంది. అందుకే రేవులో సరుకు దించేటప్పుడు పట్టుకోవడం మీద నాకు నమ్మకం ఎక్కువ, ఎంత దూరం వెళ్ళినా ఓడ ఎక్కడో ఒక చోట ఒడ్డుకు రావాలి కదా.

ప్రశ్న: మన దేశం సంతకం పెట్టిందా?

జవాబు: 2024 సెప్టెంబరులో పెట్టింది. దాంతో పాటు ఇంకోటి కూడా తెలుసుకోండి. మధ్య హిందూ మహాసముద్రం అడుగున లోహపు ముద్దల అన్వేషణకు 75,000 చదరపు కిలోమీటర్ల మీద మనకు ఇందాక చెప్పిన జమైకా ఖనిజాల సంస్థతో కాంట్రాక్టు ఉంది. అలాంటి సంస్థల అధికారాన్ని దెబ్బతీయకూడదని కొత్త ఒప్పందంలోనే రాసుకున్నారు.