ఎవరితో ఆడితే ఆట మెరుగవుతుంది?

ప్రశ్న: ఖాళీ దొరికితే చెస్ ఆడతాను. ఒక ఫ్రెండ్ మీద దాదాపు ప్రతిసారీ నేనే గెలుస్తాను. ఇంకొకాయనతో కూర్చుంటే ఇరవై ఎత్తుల్లోపే నా పని అయిపోతుంది. ఆరు నెలలుగా ఇదే వరస, నా ఆట మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఇకమీదట బలమైన వాళ్లతోనే ఆడాలా?

జవాబు: ముందు ఆ ఓటముల సంగతి చూద్దాం. ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పే ‘ఈలో’ (Elo) రేటింగ్‌లో మీకూ ఆయనకూ 400 తేడా ఉందనుకోండి, గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర చొప్పున లెక్కేస్తే 11 గేములకు మీకు రావలసింది ఒక్క పాయింటే, అదీ రెండు డ్రాల రూపంలో రావచ్చు. కాబట్టి వరసగా ఓడిపోతున్నందుకు మనసు కష్టపెట్టుకోకండి. 200 తేడా ఉన్నవాళ్లు దొరికితే మాత్రం వదలొద్దు. నాలుగు గేముల్లో దాదాపు ఒక పాయింటు వస్తుంది, పోరాడి ఓడతారు, ఎక్కడ ఓడారో మీకే కనబడుతుంది.

అసలు తిరకాసు మీ గెలుపుల్లో ఉంది. తెల్ల పావులతో మంత్రిని రెండో ఎత్తుకే హెచ్5 గడికి తెచ్చి, బిషప్‌ని సీ4లో పెట్టి, అవతలి రాజు పక్కనున్న ఎఫ్7 గడి మీద మేట్ చేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. కొత్తవాళ్ల మీద నాలుగు ఎత్తుల్లో ఆట ముగిసిపోతుంది. నేనూ చాలాకాలం దాన్నే నమ్ముకున్నాను. ఒకసారి బాగా ఆడే ఒకాయన ముందు అదే వేస్తే, ఆయన గుర్రంతో ఈ5 బంటును కాచుకుని, తర్వాత జీ బంటును ఒక్క గడి ముందుకు జరిపారు. నా మంత్రి ఎఫ్3కి తప్పుకుని మళ్లీ ఎఫ్7 మీదే కన్నేసింది, ఆయన రెండో గుర్రం ఎఫ్6లోకి వచ్చి దారి మూసేసింది. అప్పుడు బోర్డు చూస్తే ఆయన రెండు గుర్రాలూ బయట ఉన్నాయి, నా గుర్రం రావలసిన గడిలో నా మంత్రే ఉంది. ఆ ఎత్తు మంచిదని అన్నాళ్లూ నాకు నేర్పింది నా గెలుపులే.

అందుకని మీ ఫ్రెండ్‌తో ఆడటం మానొద్దు, ఆడే తీరు మార్చండి. ఆయన చూడరులే అనుకుని ఏ ఎత్తూ వేయకండి, మీరే అవతల కూర్చుంటే ఏం వేస్తారో అది ఆయన వేస్తారనుకునే ఆడండి. ఒక గుర్రం ఎక్కువైందని ఆయన చేతులెత్తేస్తే, చివరిదాకా ఆడదామని అడగండి, గెలుస్తున్న ఆటను గెలిచి తీరడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పావులన్నీ పోయి రాజులూ ఒక బంటూ మిగిలినప్పుడు మీ రాజును మీ వైపు నుంచి ఆరో వరుసలో మీ బంటుకు ముందు నిలబెట్టగలిగారా? అంచు బంటు కాకపోతే, ఎత్తు ఎవరిదైనా గెలుపు మీదే. చదివితే ఒక్క ముక్క, చేత్తో పదిసార్లు ఆడితే గానీ ఒంటపట్టదు.

ఇక ఆ బలమైనాయనతో ఒకే కూర్చోవడంలో ఐదు గేములు వద్దు, ఒక్కటి చాలు. ఎత్తులు రాసుకోండి. అయ్యాక ‘ఎక్కడ తప్పు చేశాను?’ అని అడిగితే ఆయన చివర్లో పోయిన ఏనుగును చూపిస్తారు, అది మీకూ తెలుసు. మీకు ఏం వేయాలో తోచక టెన్షన్ పడిన ఎత్తు దగ్గర బోర్డు మళ్లీ పేర్చి, ‘ఇక్కడ మీరైతే ఏం చూస్తారు?’ అని అడగండి. కంప్యూటర్‌కి చూపించేది దాని తర్వాతే, ఎందుకంటే అది సరైన ఎత్తు చెబుతుంది గానీ మీ కంటికి అదెందుకు ఆనలేదో చెప్పదు.

ప్రశ్న: మా తమ్ముడు నాకంటే బాగా బలహీనం. మంత్రిని తీసేసి ఆడనా?

జవాబు: మంత్రి లేకుండా ఆడితే అది వేరే ఆట అయిపోతుంది, మొదటి ఎత్తు నుంచే మోసపు ఎత్తుల కోసం వెతుకుతారు, ఇద్దరికీ అలవాటు చెడుతుంది. టైమ్ తగ్గించుకోండి. తమ్ముడికి 15 నిమిషాలు, మీకు 3. ఎత్తు వెనక్కి తీసుకుంటానంటే ఆట మధ్యలో ఒప్పుకోకండి, అయిపోయాక అదే ఎత్తు నుంచి మళ్లీ మొదలుపెట్టి ఈసారి అతని పావులతో మీరు ఆడండి.